డబ్ల్యూఏజీ-6సీ: బస్తర్ ఖనిజాన్ని లాగిన ఇంజన్ల పేర్లు ఎలా చదవాలి?

బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం నింపుకొని కిరండూల్‌ నుంచి విశాఖపట్నం వైపు వచ్చే గూడ్స్ బండి ఏదైనా చూడండి. ముందు ఒక్క ఇంజన్ ఉండటం అరుదు. రెండేసి, మూడేసి జతకట్టి ఉంటాయి. వాటి ఒంటి మీద ఐదంకెల నంబరు, దానితోపాటు ‘డబ్ల్యూఏజీ-9’, ‘డబ్ల్యూఏజీ-9హెచ్’ లాంటి పేరు కనిపిస్తాయి. ఈ మార్గంలో ఒకప్పుడు డబ్ల్యూడీఎం-2లు, ఆ తర్వాత డబ్ల్యూఏజీ-6ఏ, 6బీ, 6సీలు తిరిగాయి.

ఇవి ఇష్టం వచ్చినట్టు పెట్టిన అక్షరాలు కావు. ఏ వెడల్పు పట్టాల మీద నడుస్తుంది, ఏ ఇంధనంతో నడుస్తుంది, ఏ పనికి తయారైంది, ఎన్నో తరానిది అన్న నాలుగు ప్రశ్నలకు ఆ పేరులోనే జవాబు ఉంటుంది. అయితే ఒక చిక్కు ఉంది. ఒకే అక్షరానికి అన్నిచోట్లా ఒకే అర్థం ఉండదు. మొదట్లో ఉంటే ఒకటి, మధ్యలో ఉంటే ఇంకొకటి, చివర ఉంటే మరొకటి. కాలం మారినా అర్థం మారుతుంది. ఈ సంగతి తెలియకపోతే పేరును తప్పుగా చదివే ప్రమాదం ఉంది. తెలిస్తే కొత్తవలస–కిరండూల్ లైను చరిత్ర చాలావరకు ఈ పేర్లలోనే దొరుకుతుంది.

మొదటి మూడు అక్షరాలు

డబ్ల్యూఏజీ అన్న పేరునే తీసుకుందాం.

మొదటి అక్షరం పట్టాల వెడల్పు చెబుతుంది. డబ్ల్యూ అంటే 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్. వై అంటే మీటర్‌గేజ్. జెడ్ అంటే రెండున్నర అడుగుల నారోగేజ్, ఎన్ అంటే రెండడుగుల నారోగేజ్. దేశంలో చాలా మార్గాలు బ్రాడ్‌గేజ్‌గా మారిపోయాయి కాబట్టి ఇప్పుడు ఎక్కువగా కనిపించేది డబ్ల్యూయే.

రెండో అక్షరం శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చెబుతుంది. డీ అంటే డీజిల్. ఏ అంటే ఏసీ కరెంటు, అంటే ఇప్పుడు దేశమంతా వాడుతున్న 25 కిలోవోల్టుల తీగ. సీ అంటే డీసీ కరెంటు. ముంబయి ప్రాంతంలో చాలాకాలం డీసీ తీగలే ఉండేవి. రెండింటి మీదా నడిచే ఇంజన్లకు సీఏ అని రెండక్షరాలు పెట్టారు. డబ్ల్యూసీఏఎం-1 అలాంటిదే.

మూడో అక్షరం పని చెబుతుంది. జీ అంటే గూడ్స్. పీ అంటే పాసింజర్. ఎం అంటే మిశ్రమం, అంటే రెండు పనులకూ పనికొచ్చేది. ఎస్ అంటే యార్డులో పెట్టెలను అటూఇటూ జరిపే షంటింగ్ ఇంజన్.

ఆ లెక్కన డబ్ల్యూఏజీ అంటే బ్రాడ్‌గేజ్ మీద, ఏసీ కరెంటుతో నడిచే గూడ్స్ ఇంజన్. డబ్ల్యూడీఎం అంటే బ్రాడ్‌గేజ్ మీద నడిచే, రెండు పనులూ చేసే డీజిల్ ఇంజన్.

ఆవిరి ఇంజన్లకు రెండో అక్షరం అవసరం రాలేదు. 1947లో వచ్చిన డబ్ల్యూపీ బ్రాడ్‌గేజ్ పాసింజర్ ఇంజన్. 1950లో చిత్తరంజన్ కార్ఖానా నుంచి బయటికొచ్చిన మొదటి ఇంజన్ డబ్ల్యూజీ, అంటే బ్రాడ్‌గేజ్ గూడ్స్.

ఇక్కడే మొదటి మెలిక వస్తుంది. అంతకు ముందు, 1920ల నాటి ఇంజన్లకు ఎక్స్‌ఏ, ఎక్స్‌బీ, ఎక్స్‌సీ అని పేర్లు ఉండేవి. అప్పట్లో బ్రాడ్‌గేజ్‌ గుర్తు ఎక్స్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాని స్థానంలోకి డబ్ల్యూ వచ్చింది. ఈ రెండు కాలాల మధ్య, యుద్ధ సమయంలో అమెరికా, కెనడాల నుంచి వచ్చిన ఇంజన్లకు ఏడబ్ల్యూడీ, సీడబ్ల్యూడీ అని పేర్లు పెట్టారు. వాటిలోని డబ్ల్యూ వెడల్పును చెప్పదు. ‘వార్’ అనే మాటకు అది పొడి అక్షరం. ఏ అంటే ఏసీ కాదు, అమెరికా. డీ అంటే డీజిల్ కాదు, డిజైన్. ఆ మూడు అక్షరాలూ ఈనాటి పద్ధతిలో చదివితే మూడూ తప్పే.

ఈ లైను ఎందుకు పడింది?

కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని ఉత్తరాంధ్రలో అందరూ కేకే లైను అంటారు. పొడవు సుమారు 446 కిలోమీటర్లు. విశాఖపట్నం దగ్గరి కొత్తవలసలో మొదలై, శృంగవరపుకోట, బొర్రా, అరకు మీదుగా ఒడిశాలోని కోరాపుట్, జయపురం దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పుర్, దంతెవాడ, బచేలి మీదుగా కిరండూల్ చేరుతుంది. దారిలోని శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి దాదాపు 997 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తూర్పు కనుమల్లో లైను తొలుచుకుంటూ పోయే సొరంగాలు 58.

దీన్ని వేసింది ప్రయాణికుల కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి డీబీకే ప్రాజెక్టు మొదలైంది. డీబీకే కూడా అక్షరాల పేరే: దండకారణ్య, బోలాంగీర్, కిరిబురు. 1960ల రెండో సగంలో లైను పూర్తయింది. 1968లో ఎన్‌ఎండీసీ బైలదిల్లాలో 14వ నిక్షేపం దగ్గర తవ్వకం మొదలుపెట్టింది.

బైలదిల్లా అంటే ఎద్దు మూపురం. కొండల వరుస అలా కనిపిస్తుందని ఆ పేరు. అక్కడి నిక్షేపాలకు మాత్రం 1 నుంచి 14 వరకు అంకెలు వేశారు. 11ను మళ్లీ ముక్కలు చేసినప్పుడు 11ఏ, 11బీ, 11సీ అన్నారు. ఇక్కడి ఏ, బీ, సీలకు వరస తప్ప వేరే అర్థం లేదు. ఇంజన్ల పేర్ల చివర వచ్చే ఏ, బీ, సీలు కూడా కొన్నిసార్లు ఇంతే, కొన్నిసార్లు మాత్రం కాదు.

డీజిల్ కాలం: అంకె అర్థమే మారింది

లైను తెరిచేనాటికి ఇక్కడ కరెంటు తీగ లేదు. దేశంలో డీజిల్ ఇంజన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. అమెరికన్ కంపెనీ ఆల్కో నుంచి 1950ల చివర దిగుమతైనవి డబ్ల్యూడీఎం-1లు. 1962లో అదే కంపెనీ నుంచి 2,600 హార్స్‌పవర్‌ డబ్ల్యూడీఎం-2 వచ్చింది. 1964 నుంచి వారణాసి కార్ఖానా వీటిని ఇక్కడే తయారు చేసింది. దశాబ్దాల పాటు దేశంలో ఏ మూలకు పోయినా కనిపించిన డీజిల్ ఇంజన్ ఇదే. కేకే లైనులో ఖనిజం బండ్లను లాగిందీ ఇదే.

ఇక్కడి 1, 2 అంకెలు శక్తిని చెప్పవు. మొదటి రకం, రెండో రకం అని మాత్రమే చెబుతాయి.

ఆ తర్వాత మార్పులు వచ్చినప్పుడు చివర అక్షరాలు చేర్చారు. పాత ఇంజన్లలో వాక్యూమ్ బ్రేకులే ఉండేవి. తర్వాత గాలి బ్రేకులు కూడా అమర్చిన వాటిని 2ఏ అన్నారు. తయారీలోనే గాలి బ్రేకులతో వచ్చిన వాటిని 2బీ అన్నారు. శక్తిని 3,100 హార్స్‌పవర్‌కు పెంచిన రకం 2సీ అయింది.

2000ల మొదట్లో రైల్వే పద్ధతి మార్చింది. కొత్త డీజిల్ ఇంజన్లలో అంకె ఇక తరాన్ని చెప్పదు, వేల హార్స్‌పవర్‌ను చెబుతుంది. దాని తర్వాతి అక్షరం వందలను చెబుతుంది. ఏ అంటే వంద. ఆ లెక్క ప్రకారం 3,100 హార్స్‌పవర్ ఉన్న డబ్ల్యూడీఎం-2సీ ఒక్కసారిగా డబ్ల్యూడీఎం-3ఏ అయిపోయింది. ఇంజన్ అదే, పట్టాలు అవే, పేరు మాత్రం వేరు.

పేర్లు మాత్రమే చూసేవాళ్లకు ఇది ఉచ్చు లాంటిది. ఎందుకంటే అంతకు ముందే డబ్ల్యూడీఎం-3 అనే రకం ఒకటి ఉంది. అది జర్మనీకి చెందిన హెన్షెల్ డీజిల్-హైడ్రాలిక్ ఇంజన్. డబ్ల్యూడీఎం-3ఏకు దానితో ఏ చుట్టరికమూ లేదు.

కొత్త పద్ధతి కూడా ఎక్కువకాలం నికరంగా నిలవలేదు. డబ్ల్యూడీపీ-4డీ అనే పాసింజర్ ఇంజన్‌ శక్తి 4,500 హార్స్‌పవర్. వందల లెక్కలో డీ అంటే నాలుగు రావాలి. కానీ ఈ డీకి హార్స్‌పవర్‌తో పని లేదు. ఇంజన్‌కు రెండు చివరలా డ్రైవర్ గదులు ఉన్నాయని చెప్పే ‘డ్యూయల్ క్యాబ్’ అది. అదే పేరులో రెండోచోట ఉన్న డీ మాత్రం డీజిల్. ఒకే పేరులో రెండు డీలు, రెండు అర్థాలు.

ఇటలీ కార్లలోనూ ఇదే కథ

ఇది భారతీయ రైల్వేకే పరిమితమైన గందరగోళం కాదు. అక్షరాల పేర్లకు ప్రపంచంలో అందరికన్నా పేరుమోసిన ఇటలీ స్పోర్ట్స్ కార్ల దగ్గరా ఇదే జరిగింది.

1962లో వచ్చిన ఫెరారీ 250 జీటీఓలో 250 అంటే ఒక్క సిలిండర్‌ పరిమాణం, సుమారు 250 సీసీ. పన్నెండు సిలిండర్లు కాబట్టి మొత్తం మూడు లీటర్ల ఇంజన్. జీటీ అంటే గ్రాన్ టూరిస్మో, దూర ప్రయాణాలకు పనికొచ్చే వేగవంతమైన కారు. ఓ అంటే ‘ఓమొలోగాటో’. పందేల నిబంధనల ప్రకారం ఆమోదం పొందినది అని అర్థం. ఆ ఆమోదానికి వంద కార్లు తయారవ్వాలన్నది నియమం. ఫెరారీ చేసినవి నలభై లోపే. పాత 250 జీటీకే ఇది మెరుగుపరచిన రూపమన్న లెక్కలో దానికి ఆమోదం దక్కింది. అంటే పేరులోని చివరి అక్షరం కారు గుణం కాదు, ఒక కాగితం మీది అనుమతి.

ఫెరారీ తయారు చేసిన డీనో 246కు వచ్చేసరికి అంకెల అర్థం మారింది. 2.4 లీటర్లు, 6 సిలిండర్లు అని చదవాలి. 1975 నాటి 308 జీటీబీ అంటే 3 లీటర్లు, 8 సిలిండర్లు. బీ అంటే ‘బెర్లినెట్టా’, పైకప్పు ఉన్న రెండు తలుపుల కారు. 1987లో వచ్చిన ఎఫ్40లో 40 సిలిండర్లూ కాదు, లీటర్లూ కాదు. కంపెనీ కార్ల తయారీకి నలభై ఏళ్లు నిండిన గుర్తు.

ఆల్ఫా రోమియో జీటీఏలో ఏ అంటే ‘అలెజ్జెరీటా’, బరువు తగ్గించినది. లంబోర్గిని మియురా పీ400లో పీ అంటే ‘పోస్టీరియోరే’, ఇంజన్ డ్రైవర్ వెనక ఉందని. 400 అంటే నాలుగు లీటర్లు.

కంపెనీలు వేరు, దేశాలు వేరు, అవసరాలు వేరు. జరిగింది మాత్రం ఒకటే. ఒక కాలంలో పెట్టిన పద్ధతి ఆ కాలపు యంత్రాలకు సరిపోతుంది. కొత్త యంత్రం వచ్చాక పాత అక్షరాలకు కొత్త అర్థాలు అతికిస్తారు. పాత అర్థాన్ని మాత్రం ఎవరూ తుడిచెయ్యరు. అందుకే ఏ పేరునైనా దాని కాలంతో కలిపి చదవాలి.

ఆరో నంబరులో ఏ, బీ, సీ

ఇటలీ నుంచి మళ్లీ బస్తర్‌కు వద్దాం. 1980ల మొదట్లో కేకే లైను మీద కరెంటు తీగ వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో, 1987–88 ప్రాంతంలో రైల్వే విదేశాల నుంచి 18 ఇంజన్లు తెప్పించింది. వాటికి పెట్టిన పేరు డబ్ల్యూఏజీ-6. వాటిని వాల్తేరు షెడ్డుకు ఇచ్చి కేకే లైనులోనే ప్రధానంగా నడిపారు. ఒక్కోటీ ఆరు వేల హార్స్‌పవర్ స్థాయిది. అప్పటి స్వదేశీ గూడ్స్ ఇంజన్ డబ్ల్యూఏజీ-5 శక్తి నాలుగు వేల లోపే.

ఆ 18 ఇంజన్లూ మూడు రకాలు, రకానికి ఆరు. 6ఏ స్వీడన్ కంపెనీ ఆసియా తయారు చేసినది. 6బీ, 6సీ రెండూ జపాన్ కంపెనీ హిటాచీవి. ఇక్కడ ఏ అంటే ఆసియా అనుకోవడానికి వీలుంది, కానీ బీ, సీలు రెండూ హిటాచీవే కాబట్టి అది కుదరదు. ఇవి కేవలం వరస అక్షరాలు.

మరి ఒకే కంపెనీవైన బీ, సీల మధ్య తేడా ఏమిటి? అది తెలియాలంటే ఇంకో రకం అక్షరాలు చదవాలి.

మామూలు మాటల్లో బోగీ అంటే రైలు పెట్టె. రైల్వే సాంకేతిక భాషలో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఒక చట్రంలో రెండు ఇరుసులుంటే బీ అని, మూడుంటే సీ అని రాస్తారు. పక్కన చిన్న ఓ ఉంటే ప్రతి ఇరుసుకూ విడిగా మోటారు ఉందని అర్థం. 6ఏ, 6బీలు రెండూ ‘బో-బో-బో’. అంటే రెండేసి ఇరుసులున్న మూడు చట్రాలు. 6సీ ‘కో-కో’. అంటే మూడేసి ఇరుసులున్న రెండు చట్రాలు. మొత్తం ఇరుసులు అన్నింటికీ ఆరే.

ఇది కాగితం మీది తేడా కాదు. కొండల్లో మెలికలు తిరిగే పట్టాల మీద మూడు చిన్న చట్రాలు సులువుగా ఒంపు తిరుగుతాయి. రెండు పెద్ద చట్రాలకు నిర్మాణం సరళం, విడిభాగాలు తక్కువ. ఏది మేలో తేల్చడానికి ఇంతకన్నా కఠినమైన లైను దొరకడం కష్టం. రైల్వే చివరికి కో-కో వైపే మొగ్గింది. 1992లో చిత్తరంజన్‌లో మొదలైన డబ్ల్యూఏజీ-7 మూడేసి ఇరుసుల చట్రాలతో, పట్టాల మీద ఎక్కువ పట్టు ఉండే బోగీలతో, హిటాచీ డిజైన్ మోటార్లతో వచ్చింది. 6 శ్రేణి ఇంజన్లు మాత్రం ఆ పద్దెనిమిదితోనే ఆగిపోయాయి. ఇప్పుడు అవేవీ సేవలో లేవు.

జీటీఓ మళ్లీ ఎదురైంది

1990ల మధ్యలో ఏబీబీ కంపెనీ నుంచి వచ్చిన సాంకేతికతతో డబ్ల్యూఏజీ-9 మొదలైంది. మూడు ఫేజుల మోటార్లున్న ఈ ఇంజన్ శక్తి 6,120 హార్స్‌పవర్. మోటార్లకు కరెంటును మార్చి ఇచ్చే పరికరాల్లో మొదట వాడిన భాగం పేరు జీటీఓ. ఫెరారీతో దానికి సంబంధం లేదు. ఇది ‘గేట్ టర్న్-ఆఫ్’ థైరిస్టర్, కరెంటును క్షణంలో ఆపగల స్విచ్ లాంటిది. తర్వాత వాటి స్థానంలో ఐజీబీటీలు వచ్చాయి. మారనెల్లోలో పందెం అనుమతికి గుర్తైన మూడు అక్షరాలే కిరండూల్ లైనులో కరెంటు స్విచ్‌కు పేరయ్యాయి.

9హెచ్‌లోని హెచ్ మాత్రం పేరుకు తగ్గ అక్షరం. ‘హెవీ’, అంటే బరువైనది. మామూలు డబ్ల్యూఏజీ-9 బరువు 123 టన్నులు. 9హెచ్‌కు ఇంకా పది టన్నుల దాకా బరువు కావాలనే చేర్చారు. ఇటలీలో ఏ అక్షరం బరువు తగ్గించినందుకు, ఇక్కడ హెచ్ అక్షరం బరువు పెంచినందుకు. కారుకు బరువు భారం, గూడ్స్ ఇంజన్‌కు బరువే బలం. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారకుండా పట్టు దొరకాలంటే పైనుంచి నొక్కే బరువు ఉండాలి. ఆ బరువు వల్ల బయల్దేరేటప్పటి లాగుడు బలం 460 కిలోన్యూటన్ల నుంచి 520కి పెరిగింది.

ఆ తేడా ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. కేకే లైను ఘాట్ భాగంలో వాలు 60కి 1 దాకా ఉంటుంది. అంటే అరవై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు మారుతుంది. ఆ వాలు మీద నాలుగు వేల టన్నుల బండి ఉందనుకుందాం. దాన్ని కిందికి లాగే బలం మొత్తం బరువులో అరవయ్యో వంతు, సుమారు 67 టన్నులు. 460 కిలోన్యూటన్లంటే సుమారు 47 టన్నుల బలం. 520 అంటే 53 టన్నులు. ఒక్క ఇంజన్ సరిపోదు. రెండేసి, మూడేసి జతకట్టడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. నిండు బండి ఈ ఘాట్‌ను ఎక్కదు, దిగుతుంది. ఖనిజం పీఠభూమి మీద నుంచి సముద్రం వైపు వస్తుంది. జగదల్‌పుర్ నుంచి కోరాపుట్ వైపు ఎక్కాల్సింది ఉన్నా, శిమిలిగూడ దాటాక అంతా దిగుడే. అక్కడ అసలు పరీక్ష లాగడంలో కాదు, ఆపడంలో. చక్రాల బ్రేకుల మీదే అంతసేపు ఆధారపడితే అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది. అందుకే మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగం అదుపు చేస్తారు. పాత తరం ఇంజన్లలో అలా పుట్టిన కరెంటు వేడిగా పోయేది. డబ్ల్యూఏజీ-9లో అది తిరిగి పైతీగలోకి వెళ్తుంది. దిగే బండి పుట్టించిన కరెంటు పక్కన ఎక్కుతున్న ఇంకో బండికి పనికొస్తుంది.

వెనకున్న పెట్టెలకూ అక్షరాలే

ఇంజన్ వెనక వ్యాగన్ల మీద బీఓఎక్స్‌ఎన్, బీఓవైఎన్ లాంటి పేర్లు కనిపిస్తాయి. మొదటి బీ అంటే బోగీల మీద నడిచే వ్యాగన్. ఓ అంటే ‘ఓపెన్’, పైకప్పు లేనిది. వై రకం వ్యాగన్ గోడలు ఎక్స్ రకం కన్నా తక్కువ ఎత్తు. ఇనుప ఖనిజం బొగ్గు కన్నా చాలా బరువు. బొగ్గు వ్యాగన్ నిండా ఖనిజం పోస్తే మోయగల బరువు దాటిపోతుంది. కాబట్టి ఖనిజానికి పొట్టి గోడలు చాలు. చివరి ఎన్ ‘న్యుమాటిక్’, గాలి బ్రేకులున్నాయని. ఇంజన్ పేరులో మొదట ఎన్ ఉంటే రెండడుగుల నారోగేజ్, వ్యాగన్ పేరులో చివర ఎన్ ఉంటే గాలి బ్రేకు.

పీ అక్షరానికీ ఇదే తంతు. డబ్ల్యూఏపీ-7లో పీ పాసింజర్. డబ్ల్యూఏఎం-4 6పీలో మాత్రం ఆరు మోటార్లనూ ‘ప్యారలల్’గా కలిపారని అర్థం.

జీ, పీల మధ్య బస్తర్

ఈ అక్షరాలన్నిటిలో బస్తర్ జనానికి నేరుగా తగిలేవి రెండే: జీ, పీ.

సాంకేతికంగా వాటి మధ్య దూరం పెద్దది కాదు. డబ్ల్యూఏజీ-9 పళ్లచక్రాల నిష్పత్తి మార్చి, కొన్ని సవరణలు చేస్తే వచ్చిందే డబ్ల్యూఏపీ-7. పైనుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకటి గంటకు వంద కిలోమీటర్ల వేగానికి, రెండోది 140కి తయారైంది. జీ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ఇంజన్ ప్రయాణికుల బండి లాగకూడదనే నియమమూ లేదు.

అసలు దూరం లైను వేసిన ఉద్దేశంలో ఉంది. విశాఖపట్నం నుంచి కిరండూల్‌కు పగలంతా నడిచే పాసింజర్, రాత్రి నడిచే ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. 2017 నుంచి అరకు చూడబోయే పర్యాటకుల కోసం అద్దాల పెట్టె కూడా చేరింది. అయినా ఈ పట్టాల మీద ప్రధానంగా తిరిగేది ఖనిజమే. మావోయిస్టుల బంద్‌లు, వారోత్సవాల సమయంలో ప్రయాణికుల రైళ్లను కిరండూల్‌ దాకా పంపకుండా దంతెవాడలోనో జగదల్‌పుర్‌లోనో ఆపేయడం ఏళ్ల తరబడి మామూలైంది. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు విరిగిపడితే రెండు రకాల బండ్లూ ఆగుతాయి.

బస్తర్ జిల్లా కేంద్రమైన జగదల్‌పుర్ నుంచి సొంత రాష్ట్ర రాజధాని రాయ్‌పుర్‌కు నేరుగా రైలు మార్గం లేదు. రైల్లో వెళ్లాలంటే కోరాపుట్, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఒడిశా చుట్టి రావాలి. దల్లీ రాజ్‌హరా నుంచి రావ్‌ఘాట్ మీదుగా జగదల్‌పుర్‌కు లైను వేసే ప్రతిపాదన దశాబ్దాల నాటిది. 2023 అక్టోబరులో రాయ్‌పుర్ వైపు నుంచి తాడోకి దాకా ప్రయాణికుల రైలు వచ్చింది. జగదల్‌పుర్ దాకా పట్టాలు ఇంకా చేరలేదు. విశేషమేమంటే ఆ లైనుకూ మూలం రావ్‌ఘాట్ ఇనుప ఖనిజమే.

కేకే లైను ఆదాయం ఆంధ్రప్రదేశ్‌లోనూ చర్చనీయాంశమే. దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఏర్పాటులో భాగంగా 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను విభజించింది. ఆ నిర్ణయం ప్రకారం కొత్తవలస–బచేలి మార్గం తూర్పు కోస్తా జోన్‌లోని కొత్త రాయగడ డివిజన్‌లోకి వెళ్తుంది. విశాఖ కేంద్రంగా జోన్ వచ్చినా ఖనిజం లైను చేజారుతోందన్నది ఉత్తరాంధ్రలో వినిపించిన అభ్యంతరం. రాయగడ డివిజన్ కావాలన్నది ఒడిశా వైపు పాత కోరిక. ఇద్దరి లెక్కా జీ బండ్ల చుట్టూనే.

జగదల్‌పుర్–కిరండూల్ మధ్యా, మిగతా భాగాల్లోనూ రెండో లైను పనులు విడతలవారీగా సాగుతున్నాయి. ఒకే లైనులో ఎదురుబండి కోసం ఆగే సమయం తగ్గితే ఖనిజంతోపాటు ప్రయాణికుల రైళ్లకూ చోటు దొరకవచ్చు. దొరికిందా లేదా అన్నది ఏ ప్రకటనకన్నా ముందు టైంటేబుల్లో తెలుస్తుంది: కిరండూల్ దాకా రోజుకు ఎన్ని ప్రయాణికుల బండ్లు వస్తున్నాయి, వాటిలో ఎన్ని దంతెవాడలో ఆగిపోకుండా చివరిదాకా వెళ్తున్నాయి?